టీవీ ఆపాక ఏం ఆడుతున్నాడు?

కావలి నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా వాడికి ఆరేళ్లు. బడి నుంచి వచ్చింది మొదలు రాత్రి అన్నం తినేదాకా కార్టూన్లే. మాటల్లో హిందీ దొర్లుతోంది, లేకుంటే పుస్తకాల తెలుగు దొర్లుతోంది. అవన్నీ చెత్త, డోరేమాన్ కార్టూన్ చూస్తే పిల్లలు సోమరులవుతారు, పాత సినిమాలు చూపించమని మా నాన్నగారు అంటారు. చదువుకు పనికొచ్చేవే పెట్టాలని నా భార్య అంటుంది. వీటిలో ఏవి మంచివి, ఏవి కావు? మేము చూసే షోలు, సినిమాలు వాడిని పక్కన కూర్చుని చూడనివ్వవచ్చా?"

ముందు నేనెవరో చెబుతాను, నా మాటను ఎంతవరకు నమ్మాలో అప్పుడు మీరే నిర్ణయించుకోవచ్చు. మాది నెల్లూరు. ఇరవై ఏళ్లకు పైగా చెన్నైలో డబ్బింగ్ సినిమాలకూ, సీరియళ్లకూ, అన్నిటికంటే ఎక్కువగా పిల్లల కార్టూన్లకూ తెలుగు మాటలు రాశాను. సోమవారం వెళితే మళ్లీ శనివారం పినాకిని రైలులో ఇల్లు చేరేవాడిని. అంటే మీ నాన్నగారు చెత్త అంటున్న దానిలో కొంత నా చేతి మీదుగా వచ్చిందే. నాకు కార్టూన్ల మీద మమకారం ఉంది, వాటి లోగుట్టు తెలిసినందువల్ల కొంత విసుగూ ఉంది. ఆ రెండూ ఈ జవాబులో కనిపిస్తాయి, మన్నించండి.

ఇన్నేళ్ల తర్వాత నా దగ్గర మిగిలిన కొలబద్ద ఒక్కటే. పిల్లవాడు తెర ముందు ఎలా ఉన్నాడో చూడకండి, ఏది పెట్టినా వాడు నోరు తెరుచుకునే చూస్తాడు. టీవీ ఆపిన తర్వాత ఒక అరగంట గమనించండి. చూసినదాన్ని పట్టుకుని ఆట మొదలుపెట్టాడా, మీ దగ్గరికి వచ్చి ఏదైనా అడిగాడా, లేక ఇంకొకటి పెట్టమని ఏడుస్తూ కూర్చున్నాడా? ఆటలోకి దారితీసేది వాడికి పనికివచ్చినట్టు. ఏడుపులోకి దారితీసేది, అందులో ఎన్ని నీతులు, ఎన్ని అక్షరాలు, ఎన్ని అంకెలు ఉన్నా, పనికిరానట్టు.

మా మనవడి సంగతి చెబితే నేననేది సులభంగా తెలుస్తుంది. వాళ్లు బుచ్చిరెడ్డిపాళెంలో ఉంటారు. వాడికి అయిదేళ్లప్పుడు ఛోటా భీమ్ పిచ్చి పట్టుకుంది. పక్కింటివాళ్లు మేడ కట్టడానికి తోలించిన ఇసుక గుట్ట భీమ్ ఊరైన ధోలక్‌పూర్ అయింది. పడక్కుర్చీలో కూర్చున్న పాపానికి నేను మహారాజు ఇంద్రవర్మనయ్యాను. వీధి కుక్కకు కోతి జగ్గు వేషం దక్కింది. భీమ్‌కు బలమిచ్చే లడ్డూలు దొరకవు గనుక వాళ్ల నాయనమ్మ చేసిపెట్టిన సున్నుండలు డబ్బాలోంచి మాయం కాసాగాయి. ఒక సాయంత్రం సున్నుండ ఒకటి నోట్లో కుక్కుకుని, చేతికంటిన నెయ్యి చొక్కాకు తుడుచుకుని, పంపు కింద సగం నిండిన స్టీలు బిందెను రెండు చేతులతో వాటేసుకుని పైకి లేపబోయాడు. బిందె ఒరిగి నీళ్లన్నీ వాడి కాళ్ల మీదుగా వాకిట్లోకి పోయాయి. ఏడుస్తాడనుకున్నాను. వాడు బిందె వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "బలం చాల్లేదు తాతా, ఇంకో ఉండ కావాల" అన్నాడు. కొన్నాళ్ల తర్వాత అదే పిల్లవాడికి ఎవరో ఫోన్ ఇచ్చి, ప్లాస్టిక్ గుడ్లు పగలగొట్టి లోపలి బొమ్మలు బయటకు తీసే వీడియోలు అలవాటు చేశారు. గంటసేపు చూశాక ఫోన్ తీసుకుంటే నేల మీద పడి దొర్లాడు. ఆ గంటలోంచి ఆడుకోవడానికి వాడికి ఒక్క పాత్రా దొరకలేదు, ఒక్క మాటా దొరకలేదు.

అలాగని ఛోటా భీమ్‌లో లోపాలు లేవని కాదు. 2008లో పోగో ఛానల్‌లో మొదలైన ఈ సీరియల్‌ను తయారుచేసింది మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ. సృష్టికర్త రాజీవ్ చిలక. ఒక ఊరు, ఊరికొక రాజు, ఒక మిఠాయి కొట్టు, చుట్టూ అడవి, తోటి పిల్లల్లోనే ఒక మంచివాడు, ఒక అసూయపరుడు: ఏ పిల్లవాడైనా తన వీధిలో పరుచుకోగలిగిన లోకం అది, దాని బలమంతా అక్కడే ఉంది. అయితే ఎంత పెద్ద చిక్కు వచ్చినా చివరికి గుద్దుతోనే తీరిపోవడం, ఆ అసూయపరుడు కాలియా లావుగా ఉన్నాడని నవ్వించడం, చుట్కీ అనే ఆడపిల్ల చేత ఎప్పుడూ లడ్డూలు మోయించడం నాకు నచ్చవు. నచ్చకపోయినా ఆపించను. పక్కన కూర్చుని, "ఈసారి చుట్కీ పోయి కొట్టి ఉంటే ఏమయ్యేది?" అని ఒక ప్రశ్న వేస్తాను. ఆ ప్రశ్న మా మనవరాలికి నచ్చింది, మనవడికి నచ్చలేదు. మోటు పత్లు గురించి నాకు పెద్దగా చెప్పాలని లేదు. సమోసాల మీద అంతసేపు నవ్వించడం గొప్పే గాని, ఒక్క ఎపిసోడ్ చూస్తే మిగిలినవి చూసినట్టే.

ఇక భాష సంగతి. మీ ఫిర్యాదులో నిజముంది, అందులో నా పాపమూ ఉంది గనుక కొంచెం వివరంగానే చెబుతాను.

డబ్బింగ్ రాసేవాడు ముందు అర్థం చూడడు, పెదవులు చూస్తాడు. ప, బ, మ వంటి అక్షరాలు పలికేటప్పుడు పెదవులు మూసుకుంటాయి. తెర మీద బొమ్మ పెదవులు మూసుకున్న చోట మన మాటలోనూ ఆ జాతి అక్షరం పడాలి, లేకపోతే చూసేవారికి ఏదో తేడాగా తోస్తుంది. ఇంగ్లీషు బొమ్మ "హెల్ప్ మీ" అని అరిచిందనుకోండి, మధ్యలో ఒకసారి పెదవులు కలుస్తాయి. ఆ చోట సరిగ్గా అతికేది "కాపాడు". అందుకే కార్టూన్లలో అందరూ "కాపాడండి, కాపాడండి" అని అరుస్తుంటారు. నిజానికి కావలి కాలువలో జారిపడిన పిల్లవాడు "ఓ నాయనో" అంటాడు గాని ఎన్నడూ "కాపాడండి" అనడు. ఇది తప్పనిసరి తిప్పలు. తప్పనిసరి కాని తిప్పలు వేరే ఉన్నాయి. ఇద్దరు పదేళ్ల పిల్లలు మాట్లాడుకుంటుంటే నేను సహజంగా "ఒరేయ్" అని రాసేవాడిని. అది అమర్యాద అని, అన్ని ప్రాంతాలవారికీ నచ్చదని ప్రతిసారీ కొట్టివేసి పంపేవారు. "ఒరేయ్" పోయిన చోట పిలుపు ఏదో ఒకటి ఉండాలి గనుక "మిత్రమా" వచ్చి కూర్చుంది. "ఏంది", "ఎట్టా", "అబ్బయ్యా" వంటివి రాస్తే అవి హాస్య పాత్రకు మాత్రమే ఉంచమనేవారు. నెల్లూరు, ఒంగోలు పిల్లల మాట తెర మీద వినిపిస్తే అది నవ్వుకోవడానికేనని ఒక తరం పిల్లలకు మేమే నేర్పినట్టయింది. ఈ విషయంలో నాకు ఇప్పటికీ మనసులో ముల్లుంది.

మీ అబ్బాయి హిందీకి మాత్రం చిటికెలో చేయదగిన ఉపాయం ఒకటుంది, చాలా ఇళ్లలో దీన్ని గమనించరు. పోగో, నిక్ వంటి ఛానళ్లకు ఒకే బొమ్మ మీద తెలుగు, తమిళం, హిందీ మాటలు కూడా వస్తాయి. మీ సెట్‌టాప్ బాక్స్ రిమోట్‌లో భాష లేదా ఆడియో అనే మీట నొక్కి తెలుగుకు మార్చండి. ఓటీటీల్లోనూ బొమ్మ మొదలయ్యాక ఆడియో దగ్గర భాష మార్చుకునే వీలుంటుంది. ఆ తర్వాత మిగిలేది పుస్తకాల తెలుగు. అది జబ్బు కాదు. పిల్లవాడు "ధన్యవాదాలు మిత్రమా" అన్నప్పుడు వెక్కిరించకుండా, మీ నాన్నగారిని తన మాటలో జవాబు చెప్పమనండి. వాడికి రెండు తెలుగులూ వస్తాయి. తాత మాట్లాడే ఇంట్లో ఏ కార్టూనూ పిల్లవాడి యాసను చెరపలేదు. తాత పేపర్ చదువుకుంటూ కూర్చున్న ఇంట్లోనే చెరిపింది.

డబ్బింగ్‌లో మంచి కూడా జరుగుతుంది. 2019 నాటి ద లయన్ కింగ్ తెలుగు రూపంలో టిమోన్‌కు అలీ, పుంబాకు బ్రహ్మానందం గొంతులిచ్చారు. ఆ ఇద్దరి మాటలు విన్నప్పుడు ముంగిస జాతి జంతువొకటి, అడవి పంది ఒకటి మన బస్టాండులో కూర్చుని కబుర్లాడుతున్నట్టు అనిపించింది. అలా రాయనిచ్చినప్పుడు తెలుగు ఎక్కడికైనా వెళుతుంది. మరో సంగతి, కార్టూన్లలో మగపిల్లల గొంతులు చాలావరకు పెద్ద వయసు స్త్రీలవే. జపాన్‌లో డోరేమాన్‌కు 1979 నుంచి 2005 దాకా గొంతు ఇచ్చింది నోబుయో ఒయామా అనే నటి. ఇక్కడా అంతే. నాతో పనిచేసిన ఒకావిడ మా ఇంటికి భోజనానికి వచ్చి, పెరుగన్నం తింటూ తింటూ ఒక తుంటరి కుర్రాడి గొంతుతో మా మనవడిని పేరు పెట్టి పిలిచింది. వాడు ఆవిడ వైపు చూడలేదు. లేచి వెళ్లి టీవీ వెనక చూసి వచ్చాడు.

డోరేమాన్ చూస్తే పిల్లలు సోమరులవుతారని మీ నాన్నగారు రాయించిన మాట గురించి. ఫుజికో ఎఫ్. ఫుజియో 1970 జనవరి పత్రికల్లో మొదలుపెట్టిన ఈ బొమ్మల కథ మీద నాకు గౌరవముంది. అందులో నోబితా అనే కుర్రాడు చదవడు, సున్నా మార్కులు తెచ్చుకుంటాడు, ఏడుస్తాడు, పిల్లి రూపంలోని మరమనిషి డోరేమాన్ తన పొట్ట సంచిలోంచి ఒక వింత వస్తువు తీసి ఇస్తుంది. పెద్దలు అక్కడిదాకా చూసి లేచిపోతారు. కథ అసలు అక్కడే మొదలవుతుంది: ఆ వస్తువును నోబితా అతిగా వాడతాడు, అది ఎదురు తిరుగుతుంది, చివరికి మునుపటి కంటే ఎక్కువ చిక్కులో పడతాడు. వరం అడగడం తెలియక చెడినవాడి కథలు మన తాతలు చెప్పలేదా? ఇది ఆ కోవలోనిదే. పైగా ఆరేళ్ల పిల్లవాడు నోబితాను ఆదర్శంగా చూడడు, తనకంటే తెలివితక్కువవాడు ఒకడు దొరికాడని సంబరపడతాడు. డోరేమాన్ చూశాక మా ఇంట్లో అగ్గిపెట్టెలు, సీసా మూతలు, తెగిన చెప్పు పట్టీలు అన్నీ వింత వస్తువులైపోయాయి. నా కొలబద్ద ప్రకారం అది నెగ్గినట్టే.

షిన్‌చాన్ విషయం వేరు, ఇక్కడ నేను మీ నాన్నగారి పక్షాన నిలబడతాను. యోషితో ఉసుయి 1990లో దీన్ని మొదలుపెట్టింది పెద్దవాళ్లు చదివే వారపత్రికలో. ఇల్లు కొన్న అప్పు తీర్చలేక ఆపసోపాలు పడే తండ్రి, ఖర్చు లెక్కలతో, బరువు తగ్గాలన్న బెంగతో వేగిపోయే తల్లి, వాళ్ల మధ్య ఏ మాట ఎక్కడ అనకూడదో సరిగ్గా అక్కడే అనేసే అయిదేళ్ల కుర్రాడు: పెద్దవాళ్లు తమను చూసి తాము నవ్వుకోవడానికి రాసిన హాస్యమది. నాకు చాలా ఇష్టం. అందులోని కుర్రాడికి అయిదేళ్లు గనుక చూసేవాడికీ అయిదేళ్లు చాలుననుకోవడమే మనం చేసిన పొరపాటు. ఎత్తిపొడుపును ఎత్తిపొడుపుగా గుర్తుపట్టే వయసు, అంటే తొమ్మిదో పదో ఏడు, వచ్చాక చూపించండి. అప్పుడు కూడా మీరు పక్కన ఉంటే మీకే ఎక్కువ నవ్వు వస్తుంది.

మాటలే లేని బొమ్మలు ఉన్నాయి, భాష గురించి బెంగపడే ఇళ్లకు వాటిని మొదట చెప్పాలి. విలియం హాన్నా, జోసెఫ్ బార్బెరా 1940లో మొదలుపెట్టిన టామ్ అండ్ జెర్రీ ఏడు ఆస్కార్లు గెలుచుకుంది. దానిలో దెబ్బలు ఎక్కువన్నది నిజమే, కాని ఆ దెబ్బకు రేకులా చదునైన పిల్లి మరుక్షణం మామూలైపోతుందని, అది నిజం కాదని, ఆరేళ్లవాడికి తెలుసు, మూడేళ్లవాడికి తెలియకపోవచ్చు. ఛోటా భీమ్ పసితనాన్ని తీసుకుని 2019లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన మైటీ లిటిల్ భీమ్‌లోనూ సంభాషణలు లేవు, అది ఇంకా నెమ్మది, చిన్నవాళ్లకు బాగా సరిపోతుంది. మాటలు లేనప్పుడు పిల్లవాడు ఊరుకోడు. "ఇప్పుడు వీడు ఆ కుండ వెనక దాక్కుంటాడు చూడు" అని తనే చెబుతాడు, ఆ చెప్పేది తన భాషలో చెబుతాడు.

మాటలు లేకుండా కథ చెప్పడంలో మన జిల్లావాడు ఒకాయన ఉన్నాడని మీ నాన్నగారికి గుర్తుచేయండి. సింగీతం శ్రీనివాసరావు 1931లో పుట్టింది ఉదయగిరిలో. 1987లో ఆయన తీసిన పుష్పక విమానంలో సంభాషణలే లేవు. అందులో శవం చుట్టూ తిరిగే హాస్యముంది గనుక ఆరేళ్లకు కొంచెం ముందే అవుతుంది, ఎనిమిది నిండనివ్వండి. 1991 నాటి ఆదిత్య 369 మాత్రం ఇప్పుడే కొంచెం కొంచెంగా చూపించవచ్చు. కాలంలో వెనక్కి వెళ్లి కృష్ణదేవరాయల సభలో పడడం ఏ పిల్లవాడికైనా నచ్చుతుంది. ఆ పెద్దాయన 2008లో ఘటోత్కచుడి మీద యానిమేషన్ సినిమా కూడా తీశాడు. ఘటోత్కచుడంటే ఆయనకు అంత ఇష్టం ఎందుకో ఊహించడం కష్టం కాదు, 1957లో మాయాబజార్ తీసేటప్పుడు కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసింది ఆయనే.

పాత సినిమాలు చూపించమన్న మీ నాన్నగారి మాటకు ఇక్కడే జవాబు ఉంది. మాయాబజార్ మూడు గంటల సినిమా. ఆరేళ్లవాడిని కట్టేసినట్టు కూర్చోబెట్టి మొత్తం చూపిస్తే ఆ సినిమా మీద జీవితకాలం కోపం పెట్టుకుంటాడు. మొదట వివాహ భోజనాల ఘట్టం చూపించండి, ఎస్.వి. రంగారావు కూర్చున్న చోటే ఉండగా లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళ్లే దగ్గర ఆపి, అది ఎలా తీసి ఉంటారో అడగండి. ఇంకో రోజు ప్రియదర్శిని పేటిక. ఇంకో రోజు తనంతట తానే కదిలే కంబళి. అలా నాలుగైదు సార్లు అయ్యాక వాడే మొత్తం పెట్టమంటాడు. పింగళి నాగేంద్రరావు అందులో పుట్టించిన అసమదీయులు, తసమదీయులు అన్న మాటలు మా ఇంట్లో పిల్లలు క్రికెట్ జట్లకు పెట్టుకున్నారు. "మిత్రమా"కు విరుగుడు అంటే ఇలా ఉండాలి. అయితే పాతదైనంత మాత్రాన అన్నీ పిల్లలవి కావు, సవతి తల్లి వాతలు పెట్టే సినిమాలు, శాపాలతో, కన్నీళ్లతో నిండిన సినిమాలు కూడా పాతవే.

పౌరాణిక యానిమేషన్ల సంగతి క్లుప్తంగా. జపాన్‌కు చెందిన యుగో సాకో, మన రామ్ మోహన్ కలిసి చేసిన రామాయణం 2025 జనవరిలో తెలుగులో కూడా హాళ్లకు వచ్చింది. అది నెమ్మదిగా, నీళ్ల రంగుల్లో ముంచి తీసినట్టు ఉంటుంది, నిశ్చింతగా చూపించండి. అదే ఏడాది జూలైలో వచ్చిన మహావతార్ నరసింహ పెద్దవాళ్లను ఊపేసింది, చివరి ఘట్టం నన్నూ కుర్చీ అంచుకు లాగింది, కాని ఆ ఉగ్రం ఆరేళ్లవాడికి రాత్రి నిద్రలోకి వస్తుంది. మన వైపు పిల్లలకు నరసింహస్వామి అంటే పెంచలకోన స్వామి, కోపం చల్లారి చెంచులక్ష్మిని పెళ్లాడిన స్వామి. ముందు అక్కడికి తీసుకువెళ్లండి, సినిమా రెండు మూడేళ్లు ఆగుతుంది.

మీ శ్రీమతి కోరే చదువు కార్టూన్ల విషయంలో పేరును చూసి మోసపోవద్దని చెప్పాలి. అక్షరాలు ఎగురుతూ వచ్చినంత మాత్రాన చదువు రాదు. 2000లో అమెరికాలో మొదలైన డోరాను చూడండి. ఆ పిల్ల ఒక ప్రశ్న అడిగి, కొన్ని క్షణాలు మీ వైపు చూస్తూ ఊరుకుంటుంది. పెద్దలకు విసుగు పుట్టించే ఆ మౌనమే దానిలోని చదువు, పిల్లవాడు ఆ సందులో జవాబు అరుస్తాడు. అంతకు ముందు 1996లో వచ్చిన బ్లూస్ క్లూస్ అనే కార్యక్రమం ఒకే ఎపిసోడ్‌ను వారంలో అయిదు రోజులూ వరుసగా వేసేది, ఎందుకంటే మొదటి రోజు తెల్లబోయి చూసిన పిల్లలు అయిదో రోజుకు జవాబులు ముందే చెబుతారు. కాబట్టి "చూసిందే ఎన్నిసార్లు చూస్తావురా" అని మీ అబ్బాయిని కసరకండి, చూసిందే చూడడం వాడి వయసులో చదవడం.

వేగం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2011లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంవారు నాలుగేళ్ల పిల్లలు అరవైమందిని మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు చకచకా దృశ్యాలు మారే స్పాంజ్‌బాబ్‌ను తొమ్మిది నిమిషాలు, ఇంకో గుంపుకు నెమ్మదిగా సాగే కార్టూన్‌ను చూపించి, మూడో గుంపుకు రంగు క్రేయాన్లు ఇచ్చారు. వెంటనే పెట్టిన పరీక్షల్లో, నిలకడగా ఆలోచించి చేయవలసిన పనుల్లో మొదటి గుంపు వెనకబడింది. అది అప్పటికప్పుడు కనిపించిన ఫలితమే గాని జీవితకాలపు నష్టం కాదు. కాని హోంవర్క్‌కు ముందు అలాంటిది పెట్టకూడదని తెలుసుకోవడానికి అది చాలు. ఆస్ట్రేలియా నుంచి 2018లో వచ్చిన బ్లూయీ వంటివి దీనికి విరుగుడు. ఏడు నిమిషాల్లో ఒక కుక్క కుటుంబం ఇంట్లో ఏదో ఒక ఆట ఆడుతుంది, అంతే కథ. దానిలో తండ్రి కూడా నేల మీద కూర్చుని ఆడతాడు. ఆ భాగం పిల్లవాడి కంటే మీరు శ్రద్ధగా చూడవలసింది. ఫోన్‌లో తెలుగు పాటల వీడియోలు, చిట్టి చిలకమ్మ లాంటివి, మంచివే. ఇబ్బంది పాటతో కాదు, ఒకటి అవగానే దానంతట అదే ఇంకొకటి మొదలయ్యే ఏర్పాటుతో. ఆ ఆటోప్లేను ఆపివేసి, వీలైతే టీవీకి కలిపి చూపించండి. ఫోన్ వాడి ఒళ్లో ఉంటే ఏం చూస్తున్నాడో మీకు తెలియదు, టీవీలో ఉంటే ఇల్లంతటికీ తెలుస్తుంది.

మీరు చూసేవి వాడు చూడవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. కార్టూన్ల కంటే నన్ను ఎక్కువ భయపెట్టేవి మనం రాత్రి తొమ్మిదింటికి పెట్టే హాస్య కార్యక్రమాలు, సీరియళ్లు. మనం నవ్విన చోటల్లా పిల్లవాడు మన ముఖం చూస్తాడు, అర్థం కాకపోయినా ఆ మాటను దాచుకుంటాడు, తర్వాత బడిలో వాడతాడు. సీరియల్లో ఒక్కొక్క ముఖం మీదికి మూడుసార్లు కెమెరా దూసుకువెళ్లే పద్ధతి చూసి మా మనవరాలు అన్నం వద్దన్నప్పుడల్లా మూడుసార్లు తల తిప్పేది. ఇంటిల్లిపాదీ చూడదగినవి లేక కాదు. 2001 నుంచి 2007 దాకా జెమినీలో వచ్చిన అమృతంలో ఇద్దరు స్నేహితులు ఒక హోటల్ నడపలేక పడే అవస్థలకు ఆరేళ్లవాడు కూడా పడీపడీ నవ్వుతాడు. ఈటీవీలో 1996లో మొదలైన పాడుతా తీయగాలో మన నెల్లూరులో పెరిగిన బాలసుబ్రహ్మణ్యంగారు పిల్లలు పాడిన తర్వాత ఒక్కొక్క అక్షరాన్ని పట్టుకుని ఎలా పలకాలో ప్రేమగా చెప్పే పాత భాగాలు పెట్టండి. పెదవులు ఎక్కడ కలవాలో, నాలుక ఎక్కడ తాకాలో అంత చక్కగా చెప్పే తెలుగు పాఠం ఏ చదువు కార్టూన్‌లోనూ లేదు.

సినిమా హాలుకు తీసుకువెళ్లేటప్పుడు సర్టిఫికెట్ చూడండి. ఇదివరకు యు, యుఏ, ఏ అని ఉండేవి, యుఏ అంటే పన్నెండేళ్ల లోపు పిల్లలు పెద్దల సలహాతో చూడాలని మాత్రమే తెలిసేది. 2023లో చట్టం మార్చి యుఏను ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు దాటినవారికని మూడుగా విడదీశారు. హీరో మనవాడే గదా అని పదహారేళ్ల గుర్తున్న సినిమాకు ఒళ్లో పిల్లలతో వచ్చేవారిని ప్రతి పండగకూ చూస్తున్నాను. ఆ శబ్దానికి మా వాడు ఒక పెద్ద తెర హాలులో ఇంటర్వెల్ దాకా చెవులు మూసుకునే కూర్చున్నాడు, పాప్‌కార్న్ నేనే తినిపించవలసి వచ్చింది.

చివరగా ఎంతసేపు అన్నది. భారతీయ పిల్లల వైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచనల ప్రకారం రెండు నుంచి అయిదేళ్ల మధ్య రోజుకు గంటకు మించకూడదు, అయిదు నుంచి పదేళ్ల మధ్య రెండు గంటల లోపు ఉండాలి, అది కూడా ఆటనూ నిద్రనూ తినకుండా. మీరు చెప్పిన లెక్క దీనికి బాగా పైన ఉంది. తగ్గించేటప్పుడు "పది నిమిషాల్లో ఆపేస్తా" అనకండి, ఆరేళ్లవాడికి పది నిమిషాలంటే ఏమిటో తెలియదు, మీరు ఆపే క్షణం ఎప్పుడూ కథ మధ్యలోనే వస్తుంది. ఎపిసోడ్లతో లెక్క పెట్టండి. టామ్ అండ్ జెర్రీ కథ ఏడు నిమిషాలు, డోరేమాన్ కథ పది పదకొండు నిమిషాలు ఉంటాయి. "ఇవాళ మూడు కథలు" అని మొదలుపెట్టక ముందే చెప్పి, మూడోది అయ్యాక రిమోట్ వాడి చేతికే ఇచ్చి ఆపమనండి. మొదటి వారం ఏడుస్తాడు. మా వాడు నాలుగో రోజున, మూడు అయ్యాయని నాకు చెప్పి, తనే ఆపి, ఇసుక గుట్ట దగ్గరికి వెళ్లాడు. పోతూ పోతూ సున్నుండల డబ్బా వైపు చూశాడు గాని, అది అప్పటికే పై అరలోకి చేరింది.